సర్వీస్ నంబర్ గారికి, ఓ మిలిటరీ తాత మనవడు రాయునది

సర్వీస్ నంబర్ గారూ,

మిలిటరీలో ఒక్కో సిపాయికీ ఒక్కో నంబరుగా అంటించే మీరు కులాసాగానే ఉండి ఉంటారు, మా తాత గురించి వెతుకుదామని ఏ ఫారం తెరిచినా మొదటి గడిలో మీరే కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటున్నారు, పక్కన చిన్న ఎర్ర నక్షత్రం కూడానూ, మిమ్మల్ని నింపకపోతే సబ్మిట్ బటనే నొక్కుడు పడదు.

మా ఇంట్లో తాత గురించి తెలియందేం లేదండి. దుందుభి నామ సంవత్సరంలో పుట్టాడు, అంటే 1922-23. ఇంట్లో చెప్పకుండా పోయి మిలిటరీలో చేరాడు. బర్మా అడవుల్లో జలగల్ని బీడీతో చురకపెట్టి పీకేవాళ్లంట. పోయేదాకా దుప్పటి మిలిటరీ మడతే, మూలలు కలవకపోతే నాయనమ్మ చేత మళ్లీ విప్పించి మడత పెట్టించేవాడు. వీటికి మీ ఫారంలో గడి లేదు మరి.

మీరు మా ఇంటికి రాలేదని కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడినందుకు తాతకిచ్చిన బర్మా స్టార్ మెడల్ వెనకాల ఆయన పేరూ మీరూ చెక్కి ఉండేవాళ్లు. (బ్రిటిష్ సోల్జర్లకి పేరు చెక్కకుండా ఉత్త స్టార్లే ఇచ్చారు, ఆ ఒక్క ముచ్చటా మనవాళ్లకి తీరింది.) ఆ ఆరు మొనల స్టార్‌ని నాయనమ్మ రెండు చిల్లు చెంబులతో కలిపి పాత సామాన్లవాడికేసి స్టీలు క్యారేజీ తీసుకుంది. క్యారేజీ ఇంకా ఉంది, మూత మీద నాయనమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. మా ఇంట్లో పేరు చెక్కిన మిలిటరీ వస్తువు ఇప్పుడు అదొక్కటే.

సర్లే పేరుతో వెతుకుదామని, యుద్ధాల్లో పోయినవాళ్ల సమాధులు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్లోకెళ్లా. చనిపోయినవాళ్లు శుభ్రంగా దొరుకుతారండి అక్కడ, రంగూన్ మెమోరియల్ ఒక్కదాని మీదే దాదాపు 27 వేల పేర్లు, సమాధి కూడా లేనివాళ్లవి. ఇంటిపేరు ఓచోట ముందు, ఓచోట వెనక, చాలాచోట్ల అసలుండదు. తాత పేరున్నోళ్లు పదకొండు మంది తగిలారు, పదకొండు మందీ పోయినవాళ్లే. మా తాత బతికొచ్చాడు, అదీ ఆయన చేసిన తప్పు. అక్కడ పోయుంటే ఎంత తేలిగ్గా దొరికేవాడో అనిపించి వెంటనే లెంపలేసుకున్నా, అప్పుడు వెతకడానికి నేనెక్కడ ఉంటాను.

పంజాబోళ్లని చూస్తే కుళ్లండి బాబూ, మొదటి ప్రపంచ యుద్ధం సిపాయిల రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో బయటపడ్డాయి, 3 లక్షల 20 వేల మందివి, 2021 నుంచి ఆన్‌లైన్లో పెడుతున్నారు, ఊరి పేరు కొడితే చాలు. నేనేమో ఓ మిలిటరీ రికార్డాఫీసుకి మీకోసమే ఉత్తరం రాస్తే "నంబరు తెలుపగలరు" అని జవాబొచ్చింది.

మొన్న పెదనాన్న ఓ మాట చెప్పాడు, తాత నిద్రలో లేచి కూర్చుని ఇంగ్లీషులో ఏవో అంకెలు అరిచేవాడంట, నాయనమ్మ దిష్టి తగిలిందని ఉప్పు దిగదుడిచేది. అవి మీరేనాండి? ఎన్ని అంకెలో పెదనాన్నకి గుర్తులేదు, చివర్లో సెవెన్ మాత్రం గట్టిగా అనేవాడంట. గడిలో 7 ఒక్కటే వేసి సబ్మిట్ కొట్టా.

ఎర్ర నక్షత్రం అలాగే ఉంది.

ఇట్లు,
క్యారేజీ వాటాకొచ్చిన మనవడు