కామెడీయా, ఏడుపా? తేల్చుకోమంటున్నారు మా బావగారు

అక్కా బావగారూ ఇప్పుడే బయల్దేరారు. గేటు వేసొచ్చి ఇది రాస్తున్నాను. చల్లారేదాకా ఆగితే మళ్ళీ ‘పోనీలే, పెద్దాయన’ అనేసుకుంటాను. ఇన్నాళ్ళూ అదేగా చేసింది.

ఆదివారం కదా అని భోజనాలయ్యాక టీవీలో ‘కేరాఫ్ కంచరపాలెం’ పెట్టాను. 2018లో వచ్చిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అమ్మకి మాత్రం ఇదే మొదటిసారి. పావుగంట కాలేదు, బావగారు మొదలుపెట్టారు. “హీరో ఎవరోయ్?” రాజుగారండీ. గవర్నమెంటాఫీసులో అటెండరు, 49 ఏళ్ళు, పెళ్ళి కాలేదు. “ఈయనా!” అని ఒక నవ్వు. అరవై దాటిన హీరో బ్యాగు తగిలించుకుని కాలేజీకి వెళ్తే ఈల వేసే మనిషి ఈయన. అటెండరు ప్రేమలో పడేసరికి మాత్రం లాజిక్ గుర్తొచ్చింది.

“వీళ్ళనెక్కడా చూడలేదే?” ఎలా చూస్తారు? 80 మందికి పైగా కొత్తవాళ్ళు, చాలామంది విశాఖలోని ఆ కంచరపాలెం పేట మనుషులే. డైరెక్టర్ వెంకటేష్ మహా వాళ్ళచేతే చేయించాడు. డబ్బు పెట్టిన ప్రవీణ పరుచూరి అమెరికాలో డాక్టరు, సినిమాలో సలీమా అనే ఆవిడ వేషం కూడా తనే వేసింది. అయినా ఇవన్నీ ఎవరికి చెప్తున్నాను? రోజూ కంచరపాలెం మీదుగా ఆఫీసుకి తిరిగిన మనిషి, ఆ వీధి తెరమీద కనిపిస్తే గుర్తుపట్టలేదు. స్విట్జర్లాండ్ అయితే టక్కున చెప్పేవారు.

అక్కడితో ఆగారా? ఫోన్లో కథ వెతికి, “అత్తయ్యగారూ, చివరికి ఏమవుతుందంటే” అని గట్టిగా చదివేశారు! రెండున్నర గంటలు దాచిపెట్టిన మలుపుని అరనిమిషంలో చదివి అవతల పారేశారు. చూడనివాళ్ళుంటారు కాబట్టి నేనిక్కడ రాయను. మనకి కాస్త సంస్కారం ఉంది.

సరే, దాన్నీ మింగాను. సినిమాలో వచ్చే ప్రేమకథల్లో ఒకటైన సుందరం కథ దగ్గరే వచ్చింది అసలు గొడవ. బళ్ళో పిల్లాడు, తనకి నచ్చిన పిల్ల దూరమైందని దేవుడి మీద కోపం. వాళ్ళ నాన్న చేస్తున్న వినాయకుణ్ణే పగలగొట్టేస్తాడు. అప్పటిదాకా వాడి వేషాలకి నవ్వుతున్న అమ్మ, ఆ తర్వాత జరిగింది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడు మా బావగారు, “ఇంతకీ ఇది కామెడీయా, ఏడుపు సినిమానా? ఏదో ఒకటి తేల్చుకోవాలి కదా.”

ఈ మాట నేను ముందే విన్నాను. నాన్న పెదకార్యం రోజు. నాకప్పుడు పంతొమ్మిది. చిన్నాన్న కొడుకులు నాన్న స్కూటర్ సంగతి ఎత్తారు. రోజూ పొద్దున్నే దాన్ని ఒక పక్కకి వంచి, “సింహాద్రి అప్పన్నా, ఈ ఒక్కరోజుకి” అని కిక్ కొట్టేవాడు నాన్న. ఏడోసారో ఎనిమిదోసారో అప్పన్న కరుణించేవాడు. బండి స్టార్టయ్యాక ఆ క్రెడిట్ మాత్రం తనదే. అది తలుచుకుని నవ్వొచ్చింది నాకు. పన్నెండు రోజుల్లో అదే మొదటిసారి. ఈ బావగారే, చేతిలో గారెల ప్లేటుతో, అందరి ముందూ అన్నారు: “తండ్రి పోయిన ఇంట్లో ఏంటోయ్ ఆ ఇకిలింపులు?”

నేను తలొంచుకున్నాను. వెంటనే ఏడుపు మొహం పెట్టాను కూడా, ఆయన కోసం. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ స్కూటర్ ఊసెత్తలేదు. పాత ఇనుపసామాన్లవాడు పట్టుకుపోతుంటే కూడా.

ఇంతకీ ఆ గారెల్లో ఉప్పు తక్కువైందని వంటవాణ్ణి పిలిచి మరీ క్లాసు పీకారు. అది మాత్రం ఇకిలింపు కాదు, పరామర్శ.

అక్కా, ఇది ఆయనకి చూపిస్తావని తెలుసు. చూపించు. రాత్రి ఫోన్ చెయ్యకు, నేనెత్తను. అమ్మకి సుందరం దగ్గర్నుంచి మళ్ళీ పెడుతున్నాను.