మా ఆఫీసు వాట్సాప్ గ్రూపు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గ్రూపు గారి దివ్యసముఖమునకు, తమ సభ్యుడు నమస్కరించి రాసుకొను విన్నపములు. ఇక్కడ మేమంతా క్షేమం. తమ క్షేమం అడగనక్కరలేదు, తెల్లవారకముందే శుభోదయం పువ్వులతో తామే తెలియజేస్తున్నారు.

'ఎవరైనా నిర్భయంగా అభిప్రాయాలు చెప్పవచ్చు' అని తమ వివరణలో రాసి ఉంది. ఆ వాక్యాన్ని నమ్మిన మా సహోద్యోగిని ఒకావిడ, వరుసగా ఆదివారాలు పని చేయించుకున్నందుకు బదులు సెలవు ఎప్పుడిస్తారని మర్యాదగానే అడిగారు. సమాధానం నేటికీ రాలేదు. మేనేజరు గారు మాత్రం ఒక నవ్వు ఎమోజీ పెట్టారు, దాని వెనుక మిగతావారి నవ్వులు బారులు తీరాయి. సాయంత్రానికి ఆవిడ ఫోటో స్టిక్కరైంది. మర్నాటికి ఆవిడ లేని మరో గ్రూపు వెలిసి, అందులో ఆవిడ శ్రీకాకుళం యాసను అనుకరించే వాయిస్ మెసేజ్‌ల పోటీ మొదలైంది. అప్రైజల్‌లో 'జట్టులో ఇమడలేకపోతున్నారు' అని రాసినది, పోటీలో గెలిచినవారి గురించి కాదు.

ఆవిడ హెచ్‌ఆర్ వారిని ఆశ్రయించారు. పది మందీ ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలన్న 2013 నాటి చట్టం లైంగిక వేధింపులకే గనుక, యాసను వెక్కిరించడం దాని పరిధిలోకి రాదని వారు చాలా ఓపికగా వివరించారు. పరిధిలోకి వచ్చేదేమిటో మాత్రం చెప్పలేదు. తరువాత సాక్ష్యం అడిగారు. సందేశాన్ని అందరి ఫోన్ల నుంచీ చెరిపేసే సౌకర్యం 2017 నుంచీ తమ దగ్గర ఉంది కదా, తొలి గ్రూపులో అప్పటికే ఏమీ మిగల్లేదు. రెండో గ్రూపు నుంచి ఎవరో జాలిపడి పంపిన స్క్రీన్‌షాట్లు చూపిస్తే, సంస్థ గోప్యతను ఉల్లంఘించారంటూ ఆవిడకే నోటీసిచ్చారు.

అడ్మిన్ గారిని అడుగుదామా అంటే, సభ్యుల రాతలకు అడ్మిన్‌ను ఊరికే బాధ్యుణ్ణి చేయలేమని బాంబే హైకోర్టు 2021లో చెప్పిన మాట ఆయనకు కంఠతా వచ్చు. న్యాయశాస్త్రంలో ఆయన పరిశ్రమ అంతటితో ఆగింది.

పోనీ, బయట మరెక్కడైనా రాసుకుందామా? 2012లో ముంబైలో ఇద్దరు ఎయిర్ ఇండియా ఉద్యోగులను ఫేస్‌బుక్ రాతలకు ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద అరెస్టు చేస్తే, వారు 12 రోజులు కస్టడీలో ఉండవలసి వచ్చింది. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసిన మాట నిజమే. అయితే మా సంస్థ సోషల్ మీడియా నిబంధనావళిని చూస్తే, ఆ కబురు ఇక్కడిదాకా వచ్చినట్టు లేదు. ఇందులో 'సంస్థ ప్రతిష్ఠ' అన్న పదానికి హద్దులు గీయలేదు, శిక్షలు మాత్రం వరుస నంబర్లతో ఉన్నాయి.

ఇక మిగిలింది తమను విడిచి వెళ్లిపోవడం. 2022లో తాము దయతలచి, ఎవరికీ తెలియకుండా నిష్క్రమించే వరం ఇచ్చారు. ఆ కబురు ఒక్క అడ్మిన్‌కు మాత్రమే అందుతుందట. మా అడ్మిన్, మా మేనేజరు ఒక్కరే కాబట్టి, మా వరకు ఆ వరం మరీ గొప్పది: ఎవరికి తెలియకూడదనుకుంటామో, సరిగ్గా వారికే తెలుస్తుంది.

ఇట్లు,
నీలి టిక్కు పడకుండా నోటిఫికేషన్‌లోనే చదువుకుంటున్న
తమ విధేయ సభ్యుడు