అబ్‌స్ట్రాక్ట్ దిద్దే మనిషేడీ?

కాకినాడ, విశాఖల్లో ఓడెక్కి రంగూన్ పోయిన మనవాళ్లని అక్కడ కోరంగీలు అనేవాళ్లు. రేవులో మూటలు మోసింది ఎక్కువగా వాళ్లే. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మెకి దిగితే వాళ్ల చోట బర్మా వాళ్లని పెట్టుకున్నారు, రాజీ కుదిరాక ఆ బర్మా వాళ్లని పొమ్మన్నారు, అక్కడ అంటుకున్న గొడవల్లో పోయిన ప్రాణాలు ఎక్కువ మన కూలీలవే. మరి దీని మీద రీసెర్చ్ చెయ్యాల్సింది ఎవరు? మేస్త్రీ అనే మాట ఇంగ్లీషు రికార్డుల్లోనూ ఉంది, కానీ అడ్వాన్స్ ఇచ్చి ఓడెక్కించి, ఆనక కూలి డబ్బుల్లోంచి కోసుకునే ఆ మేస్త్రీ గురించి ఇంట్లో తాతమ్మ చెప్పగా విన్న పిల్లలు శ్రీకాకుళంలో ఉంటారు గానీ ఆమ్‌స్టర్‌డామ్‌లో కాదు కదా.

అవకాశాలు లేవని మేం అనట్లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1935 నుంచీ సామాజిక చరిత్ర సంస్థ ఉంది, మన దేశంలో కార్మిక చరిత్రకారుల సంఘం 1996లో పెట్టుకున్నారు, కాన్ఫరెన్సులు పెడుతూ వచ్చారు, నోయిడాలో కార్మిక చరిత్ర ఆర్కైవ్ నడిపే సంస్థకి ఉన్న పేరు కూడా రైల్వే కార్మికుల్ని నడిపించిన మన వి.వి. గిరిదే. అయినా జిల్లా యూనివర్సిటీలో చదివే పిల్లకి ఇవి అందవు.

ఎందుకంటే అక్కడ అడిగేది 250 మాటల అబ్‌స్ట్రాక్ట్, అంటే చెయ్యబోయే రీసెర్చ్ సారాంశం, అదీ ఇంగ్లీషులో. ఒక ప్రొఫెసర్ కింద 8 మంది దాకా స్కాలర్లు, ఆయనకి అడ్మిషన్ల డ్యూటీ, పరీక్షల డ్యూటీ, ఇంక ఆ పిల్ల రాసుకొచ్చిన కాగితం పక్కన కూచుని ఇది కాదమ్మా, నీ ప్రశ్న మూడో లైన్‌లో ఉంది, దాన్ని పైకి తీసుకురా అని చెప్పే తీరికెక్కడిది? జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వచ్చినవాళ్లకి నెలకి 37,000, సరే, రానివాళ్లు ట్యూషన్లు చెప్పుకోవాల్సిందే. ఇక ట్రావెల్ గ్రాంట్ సంగతి, ముందు అప్పు చేసి టికెట్ కొని, వచ్చాక బోర్డింగ్ పాస్ అంటించి బిల్లు పెట్టాలట, అప్పు పుట్టనివాడు కాన్ఫరెన్సుకి పోనట్టే!

మా మాట ఒకటే. ఫెలోషిప్పుల సంఖ్య పెంచే ముందు మెంటరింగ్ పెట్టండి. రిటైరైన చరిత్ర ప్రొఫెసర్లు హైదరాబాద్‌లో, విశాఖలో ఎంతమంది లేరు, నెలకి రెండు పూటలు కూచోబెట్టి గౌరవ వేతనం ఇస్తే ప్రపోజల్ తెలుగులో వినిపించుకుని ఇంగ్లీషులోకి దింపించగలరు. గ్రాంట్ డబ్బులో సగమన్నా ముందే చేతిలో పెట్టండి.

వరంగల్ ఆజంజాహి మిల్లు 1934లో మొదలైంది, ఇప్పుడు మూతపడిపోయింది, అందులో షిఫ్టులు చేసినవాళ్లు ఇవాళ ముసలివాళ్లు. వాళ్ల ట్రంకు పెట్టెల్లో హాజరు కార్డులు, యూనియన్ రసీదులు చెదలు పట్టేలోపే ఎవరో ఒకరు వెళ్లి కూచోవాలి, ఆ ఎవరో ఒకరికి బస్ చార్జీ, ఒక రికార్డర్, విన్నది రాసిపెట్టడానికి ఓ ఆర్నెల్ల జీతం ఈ విద్యా సంవత్సరంలోనే ఏదో ఒక యూనివర్సిటీ ఇవ్వాలి.