‘ఏం కాదులే’ అన్న చోటికి ఓ నడక

ఇంజనీరింగ్‌కి పునాది లెక్కలని చాలామంది పొరబడుతుంటారు. కాదండీ, దాని పునాది ‘ఏం కాదులే’ అనే రెండు మాటలు. ఊరికే అనడం లేదు, మోకాళ్లు పట్టేసేదాకా ఎండలో నడిచి, కళ్లారా చూసొచ్చి మరీ అంటున్నాను.

కాలిఫోర్నియాలో శాంటా క్లారిటా దాటి పైకి వెళ్తే శాన్ ఫ్రాన్సిస్కిటో కాన్యన్ అనే లోయ వస్తుంది. 2005 వరదలకి అక్కడి పాత రోడ్డు పాడైతే దాన్ని వదిలేసి పక్కనుంచి కొత్తది వేసుకున్నారు. ఆ వదిలేసిన రోడ్డే ఇప్పుడు మనలాంటివాళ్లకి ట్రెయిల్. నాతో వచ్చిన మిత్రుడు ఒక్క చిన్న సీసా నీళ్లు పట్టుకుని దిగాడు. ఇంతేనా అంటే “ఏం కాదులేరా” అన్నాడు. మేం చూడబోయేది ఆ మాట మీద కట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్టే కాబట్టి, సందర్భశుద్ధి ఉన్నవాడేనని ఊరుకున్నాను.

కట్టించినాయన విలియం మల్హాలండ్. కాలువలు చూసుకునే పనివాడిగా మొదలుపెట్టి, ఏ కాలేజీకీ పోకుండా సొంతంగా చదువుకుని, లాస్ ఏంజెలెస్ నీటి శాఖకే పెద్ద అయ్యాడు. ఓవెన్స్ లోయ నుంచి 233 మైళ్ల కాలువ తవ్వించి, 1913లో నీళ్లు వదిలినప్పుడు “అదిగో, తీసుకోండి” అని ఉపన్యాసం ముగించాడట. ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. (ఆ నీళ్లు పోగొట్టుకున్న ఓవెన్స్ లోయ రైతులు మాత్రం అదే మాట వేరే గొంతుతో చెప్పుకునేవాళ్లనుకోండి.) అంతటివాడు ఆనకట్ట కడతానంటే నేల గట్టిదేనా అని అడిగే మొనగాడెవడు?

1924లో పని మొదలైంది. మధ్యలో నీళ్లు ఇంకొన్ని నిలబడితే బాగుండుననిపించి ఎత్తు 10 అడుగులు పెంచారు, తర్వాత ఇంకో 10. అడుగుభాగం వెడల్పు మాత్రం పెంచలేదు. పిల్లాడు ఎదుగుతున్నాడని లాగు పొడుగు చేయించి, చెప్పులు మాత్రం పాతవే తొడిగినట్టు. ఇక దాన్ని ఆనించిన కొండల సంగతి. తూర్పు గట్టు ఎప్పుడో పాతకాలంలో జారిపడిన కొండచరియ. పడమటి గట్టు ఎర్రరాయి. పొడిగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, గ్లాసుడు నీళ్లలో వేస్తే విడిపోయి బురదవుతుంది. నీళ్లు ఆపే గోడని నీళ్లలో కరిగే రాయికి ఆనించాలంటే ఎంత ఆశావాదం కావాలో ఆలోచించండి.

1928 మార్చి 12 ఉదయం కాపలాదారు కొత్త లీకు చూశాడు. ఆనకట్ట అన్నాక ఊట సహజమే. ఊట తేటగా ఉంటే ఒక రకం, మట్టి కొట్టుకుని వస్తే పునాది బయల్దేరిందని అర్థం. అతనికి కనిపించింది మట్టినీళ్లు. పెద్దాయన స్వయంగా వచ్చి చూసి, నీళ్లు తేటగానే ఉన్నాయి, పక్కన తవ్విన రోడ్డు మట్టి కలుస్తోందంతే అని తేల్చి వెళ్లిపోయాడు. దాదాపు పన్నెండు గంటలు ఆ తీర్పు చెల్లింది. రాత్రి 11:57కి ఆనకట్ట తెగి, దాదాపు 1,200 కోట్ల గ్యాలన్ల నీళ్లు 50 మైళ్లకు పైగా పరిగెత్తి, తెల్లారేసరికి సముద్రంలో కలిశాయి. 400 మందికి పైగా పోయారు. అందరికన్నా ముందు పోయినవాళ్లలో మట్టినీళ్లు చూసిన ఆ కాపలాదారు కూడా ఉన్నాడు.

నాకు అసలు అభ్యంతరం ఆ తర్వాత జరిగినదాని మీద. విచారణలో మల్హాలండ్ ఎవరినీ నిందించొద్దు, పొరపాటు మనిషిదైతే ఆ మనిషిని నేనే అన్నాడు. ఎంత ప్రమాదకరమైన సంప్రదాయం! కింది ఉద్యోగి మీదో, కాంట్రాక్టరు మీదో, చివరికి వాన మీదో తోసేయకుండా పెద్ద కుర్చీలో ఉన్నవాడే నేను అంటే పరిపాలన ఏం కావాలి? అదృష్టం కొద్దీ ఆ జబ్బు ఎవరికీ అంటుకోలేదు. ఇంత పెద్ద పని ఒక్కడి నిర్ణయానికి వదలకూడదని జ్యూరీ చెప్పింది కూడా. అందుకే ఇప్పుడు ‘ఏం కాదులే’ అనాలంటే కమిటీ వేసి, పదకొండు సంతకాలు పెట్టించి, సీలు కొట్టి అంటారు.

ఆనకట్ట మధ్య ముక్క ఒకటి పడిపోకుండా సమాధిరాయిలా నిలబడిపోయిందట. చూడ్డానికి వచ్చిన ఓ కుర్రాడు పైనుంచి పడి చనిపోతే 1929లో డైనమైట్ పెట్టి దాన్నీ కూల్చేశారు. ఆనకట్ట కారుతున్నప్పుడు ఎక్కడ దాక్కుందో ఆ చురుకు! ఇప్పుడు పొదల మధ్య పెద్ద పెద్ద కాంక్రీటు దిమ్మలే మిగిలాయి, కొన్నింటి మీద మెట్లమెట్లుగా ఉన్న పాత ముఖం గుర్తుపట్టొచ్చు. వాటి ముందు నిలబడి మావాడు పదిహేను సెల్ఫీలు దిగాడు. వెనకాల ఏముందని ఎవరైనా అడిగితే రాళ్లంటాడు.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో వాడి సీసా ఖాళీ. నాదిచ్చాను. ఉప్పూ పంచదారా కలిపి తెచ్చుకున్న నీళ్లు. మూత తీసి, ఎండకి ఎత్తి చూసి, “ఏంట్రా, మసకగా ఉన్నాయి?” అన్నాడు.

“ఏం కాదులే, తాగు” అన్నాను.