తీర్పులకన్నా తారీఖులు చూడండి

తీర్పులు నచ్చకపోవడం వల్లే జనానికి కోర్టులమీద నమ్మకం సడలుతోందని ఒక వ్యాసంలో రాశారు. ఒప్పుకోను. ఓడినవాడు తిట్టుకోవడం ఎప్పుడూ ఉన్నదే. అసలు తలనొప్పి న్యాయమూర్తుల నియామకాల్లో, బదిలీల్లో ఉంది.

కేంద్రం వెనక్కి పంపిన పేరును కొలీజియం (జడ్జీల పేర్లు సిఫారసు చేసే సుప్రీంకోర్టు సీనియర్ న్యాయమూర్తుల బృందం) మళ్లీ సిఫారసు చేస్తే కేంద్రం నియమించి తీరాలి. దానికి 3-4 వారాల గడువని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో చెప్పింది కూడా. గడువు దాటితే ఏమవుతుంది? ఏమీ కాదు! ఫైలు అలాగే పడి ఉంటుంది. ఇంకో తంటా, కొలీజియం పంపిన జాబితాను కేంద్రం విడగొట్టడం. అయిదుగురిలో ముగ్గురిని ముందు నియమిస్తే మిగతా ఇద్దరి సీనియారిటీ పోతుంది. సీనియారిటీ పోతే ప్రధాన న్యాయమూర్తి అయ్యే అవకాశమూ సన్నగిల్లుతుంది, ఎందుకంటే హైకోర్టులో విరమణ 62కే.

బదిలీల సంగతి మన బెంగళూరువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2017 సెప్టెంబరులో ఇక్కడి హైకోర్టులో సీనియారిటీలో రెండో స్థానంలో ఉన్న జస్టిస్ జయంత్ పటేల్‌ను అలహాబాదుకు పంపాలనుకున్నారు, ఆయన రాజీనామా చేశారు. బదిలీకి కారణం బయటపెట్టలేదు. తర్వాతి నెలలోనే కొలీజియం తీర్మానాలను వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలైంది గానీ, బదిలీ దగ్గరికొచ్చేసరికి నేటికీ తరచూ 'మెరుగైన న్యాయపాలన కోసం' అన్న ఒక్క ముక్కే. దాన్ని కారణమంటారా?

ఆసక్తి ఉన్నవాళ్లు ఒక పని చేయండి. సుప్రీంకోర్టు సైటులో తీర్మానం తేదీ రాసుకోండి, న్యాయశాఖ నోటిఫికేషన్ తేదీ పక్కన పెట్టండి. ఏ పేరు వారంలో దాటింది, ఏది ఏళ్లు ఆగింది, జడ్జి పదవికి సిఫారసై ఆగిన వకీలు అంతకుముందు ఎవరి కేసులు వాదించారు, ఈ మూడూ కలిపి చదవండి.