'మారియో కార్ట్ వరల్డ్': బండిల్ తీసేశాక అమ్మకాలు ఎంత?

2025 జూన్ 5న నింటెండో కంపెనీ కన్సోల్ (గేములు ఆడే యంత్రం) స్విచ్ 2తో పాటే విడుదలైన రేసింగ్ గేమ్ 'మారియో కార్ట్ వరల్డ్' సెప్టెంబరు ఆఖరుకల్లా 95.7 లక్షల కాపీలు అమ్ముడైంది. అప్పటికి అమ్మిన కన్సోళ్లే కోటీ 3.6 లక్షలు. లెక్కకు పదిమందిలో తొమ్మిదిమంది కొన్నట్టు. వినడానికి బ్రహ్మాండమే కానీ, ఈ ఘనతంతా గేమ్ ఖాతాలో వేయలేం.

విడుదలప్పటి అమెరికా ధరలు చూడండి. ఒట్టి కన్సోల్ 450 డాలర్లు, గేమ్‌తో కలిపి బండిల్ 500. విడిగా కొంటే గేమ్ 80. కన్సోల్ కోసం షాపుదాకా వచ్చినవాడు ఇంకో యాభై పడేసి బండిల్ పట్టుకుపోక ఏం చేస్తాడు? పైగా మొదటి నెలన్నర పోటీ కూడా లేదు. నింటెండో తర్వాతి పెద్ద గేమ్ 'డాంకీ కాంగ్ బనాంజా' జులై 17న గానీ రాలేదు. బండిల్ కొంతకాలమే ఉంటుందని కంపెనీయే చెప్పింది. అది పోయాక 80 డాలర్లు పెట్టేవాళ్లెందరో తేలాలి.

ఎక్స్‌క్లూజివ్ గేమ్ (ఒకే కన్సోల్ మీద నడిచేది) జాతకం ఆ కన్సోల్ చేతిలో ఉంటుందనడానికి ఈ సిరీసే సాక్ష్యం. 2014లో నింటెండో పాత కన్సోల్ వీ యూ మీద వచ్చిన 'మారియో కార్ట్ 8' 84.6 లక్షల దగ్గర ఆగింది. ఆ కన్సోలే కోటీ 35 లక్షలు దాటి ఎక్కువ దూరం పోలేదు మరి. అదే గేమ్‌కు మెరుగులు దిద్ది 2017లో స్విచ్ మీద 'డీలక్స్' పేరుతో దింపితే దాదాపు 7 కోట్లు అమ్ముడైంది.

ఇప్పుడు చిక్కల్లా ఆ డీలక్స్‌తోనే. అది స్విచ్ 2 మీదా నడుస్తుంది. డబ్బు కట్టి తీసుకున్న అదనపు ట్రాకులతో కలిపి 96 ట్రాకులు ఇంట్లో ఉన్నవాడికి కొత్తది ఎందుకు? వరల్డ్‌లో 24 మంది ఒకేసారి పోటీపడొచ్చు, ఆవు కూడా బండి నడుపుతుంది (నా ఓటు ఆవుకే). కానీ చాలా రేసుల్లో మూడు ల్యాపులు ఉండవు. ఒక ట్రాకు నుంచి మరో ట్రాకుకు పొడవాటి రోడ్డు మీద పోయి, చివర్లో ఒక్క ల్యాపు వేయాలి. పాత అభిమానుల్లో చాలామందికి ఇదే మింగుడుపడలేదు.

స్విచ్ మీద డీలక్స్ అమ్మకాలు కన్సోళ్లలో సగానికి కాస్త తక్కువ. స్విచ్ 2 పది కోట్లకు చేరి, వరల్డ్ అదే నిష్పత్తి నిలబెట్టుకున్నా నాలుగున్నర కోట్లు. నింటెండో తన గేముల ధరలు సాధారణంగా తగ్గించదు కాబట్టి ఏళ్ల తరబడి నిదానంగా అమ్ముతూనే ఉంటుంది. 3 కోట్లు ఖాయమంటాను, 7 కోట్లు కష్టమే. ప్రతి క్రిస్మస్‌కూ యాభై డాలర్ల బేరం మళ్లీ పెడితే మాత్రం ఈ అంచనా తిరగరాయాల్సిందే.