‘రెండే పెగ్గులు సార్’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రెండే పెగ్గులు గారికి,

వారాంతం రాత్రి హైదరాబాద్ రోడ్ల మీద డ్రంకెన్ డ్రైవ్ తనిఖీ బారికేడ్ కనబడితే చాలు, మందుబాబుల నోట మొదట పలికేది మీరే. పోలీసు అడిగేదాకా కూడా ఆగరు. ఫీజు తీసుకోని వకీలు కదా, ఒక్క కేసు గెలవకపోయినా మీకు గిరాకీ తగ్గదు.

మీ వాదనలో చిన్న చిక్కుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌కి పెగ్గులతో పనిలేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటిందా, లేదా? అదొక్కటే చూస్తుంది. మీరు చెప్పేది అక్షరాలా నిజమే అనుకుందాం. రెండు పెద్ద పెగ్గులంటే (లార్జ్‌లు) 120 ఎమ్మెల్. 42.8 శాతం విస్కీలో అది సుమారు 40 గ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మగమనిషికి అది 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 85 మిల్లీగ్రాములకి చేరుతుంది. ఒళ్లు గంటకు 15 చొప్పున కరిగించుకున్నా 30కి దిగడానికి మూడున్నర గంటల పైనే. అంటే మీరు వాదించడం లేదు, నేరం ఒప్పేసుకుంటున్నారు. ఇక ఇంట్లో పోసుకున్న పెగ్గంటారా, దాని కొలత పోసినవాడి ఉదారతే.

పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో ముద్దాయి మీద రుజువుగా పనికిరాదని భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ చెబుతోంది కాబట్టి మీరు బతికిపోతున్నారు. మీ నోటిమాట పోయినా, ఊదించే బ్రీత్ ఎనలైజర్ యంత్రం ఇచ్చిన స్లిప్ మాత్రం పోదు. శ్వాస పరీక్ష ఫలితం సాక్ష్యమేనని మోటారు వాహనాల చట్టం 203వ సెక్షన్‌లోనే ఉంది.

మీ తమ్ముళ్లు మౌత్‌వాష్, హోమియో చుక్కలు గార్ల సంగతికొద్దాం. వాళ్లలో కాస్త సరుకుంది. నోట్లో మిగిలిన ఆల్కహాల్ యంత్రాన్ని నిజంగానే తప్పుదారి పట్టిస్తుంది. కానీ పదిహేను నిమిషాల్లో ఆవిరైపోతుంది. నిజంగా పుక్కిలించినవాడు “పావుగంట ఆగి మళ్లీ ఊదుతాను, లేదంటే రక్తపరీక్ష చేయించండి” అని అడగాలి. తాగినవాడు ఇదే అడిగితే పెద్ద ప్రమాదం. ఆఖరి పెగ్గు గొంతులో పోసుకుని అప్పుడే బండెక్కినవాడికి మందు ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది, రెండో రీడింగ్ మొదటిదాన్ని దాటిపోవచ్చు. కిళ్లీ, యాలకులు, ఉల్లిపాయ గార్లు వాసన మీద పనిచేస్తారు. యంత్రం వాసన చూడదు, ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలిని కొలుస్తుంది.

నల్లకోటు వేసుకున్న అసలు వకీలు మీ పేరే ఎత్తడు. ఆయన చూసేవన్నీ పొడిపొడి కాగితాలు. ఊదించడానికి ముందు ఖాళీ పరీక్షలో యంత్రం సున్నా చూపిందా? చూపలేదని 2025లో కేరళ హైకోర్టు ఒకరి మీదున్న 185 అభియోగాన్ని కొట్టేసింది. యంత్రం కొలత సరిచేసే కాలిబ్రేషన్ ఎప్పుడు చేశారు? స్లిప్ మీద సమయం, బండి నంబరు, పేరు ఛార్జిషీట్‌తో కలుస్తున్నాయా? అసలు పరీక్షే జరక్కుండా వాసన, తూలే నడక, కళ్లు మాత్రమే రాసుకొచ్చారా? ఒక మద్యనిషేధం కేసులో ఆ లక్షణాలు ఒక్కటే చాలవని సుప్రీంకోర్టు 1971లోనే తేల్చింది.

ఇంకొకటుంది. 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టరు పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలి. అరెస్టు లేకుండా స్లిప్ చేతిలో పెట్టి పంపేస్తే ఈ గడియారం మొదలే కాదు. అది చాలామందికి తెలియదు.

“ఊదను” అనే మీ మొండి బావమరిది వల్ల అందరికంటే నష్టం ఎక్కువ. ఊదకపోతే, మందు తాగాడన్న అనుమానానికి కారణం ఉంటే, వారెంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చు. సరైన కారణం చూపకపోతే ఆ నిరాకరణే ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి బలం. “బండి ఆపి ఉంది, నడపలేదు” గారికీ అదే గతి, నడపబోవడం కూడా నేరమే.

తెలంగాణలో మీ కంటే పనికొచ్చేది 2021 నాటి హైకోర్టు తీర్పు. మందు తాగాడన్న ఒక్క కారణంతో బండిని సీజ్ చేయడానికి పోలీసులకు అధికారం లేదు. లైసెన్సు ఉండి, తాగకుండా ఉన్న మనిషి వెంట ఉంటే బండి ఆయనకివ్వాలి. ఆ సమయంలో ‘పెద్దాయన’కి ఫోన్ కొట్టే బదులు తమ్ముడికి కొట్టడం మేలు.

చివరికి ఎక్కువమంది నేరం ఒప్పుకుని జరిమానా కట్టి వెళ్లిపోతారు. మొదటిసారికి చట్టంలో ఉన్నది రూ.10,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండోసారికి రూ.15,000 జరిమానా, లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ. ఇక గుద్దేస్తే సొంత కారు క్లెయిమ్‌కి బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది.

కోర్టు కంటే ముందు కుటుంబసభ్యుణ్ణి వెంటబెట్టుకుని గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ కేంద్రం లాంటి చోట కౌన్సెలింగ్‌కి కూర్చోవాలి. దయచేసి అక్కడ మాత్రం నోరు విప్పకండి. పక్క కుర్చీలో ఉన్నావిడకి 185వ సెక్షన్ తెలియకపోవచ్చు, ఇంట్లో ఖాళీ సీసాల లెక్క మాత్రం తెలుసు.

ఇట్లు,
కోర్టు వరండాలో మిమ్మల్ని రోజూ వినేవాళ్లు